ఒక్క మచ్చ కోసం టాప్ మొత్తం కడిగాను: రెండు సీసాల సాఫ్ట్ టాప్ కిట్ మీద నా రివ్యూ

ముందే ఒప్పేసుకుంటాను. పిట్ట వేసిన రెట్ట బొటనవేలి గోరంత. దాన్ని పళ్లెమంత మచ్చ చేసింది నేనే.

నాది రెండో తరం మాజ్దా ఎంఎక్స్-5 కారు. రెండు సీట్లు, చేత్తో మడిచే టాప్, అంటే పైకప్పు. ముందు యజమాని పాత టాప్ తీయించేసి నల్ల గుడ్డ టాప్ వేయించారట. నా చేతికి వచ్చేసరికే అది నలుపు కాదు, బూడిద రంగు. ఎండకు వెలిసిపోయింది కాబోలు అనుకుని పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున వెనక అద్దానికి కాస్త పైన తెల్లటి రెట్ట కనిపించింది. ఎండిపోకముందే తీసేయాలని తడిగుడ్డ తెచ్చి గట్టిగా రుద్దాను. తెలుపు పోయింది. హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం ఆరాక చూస్తే అక్కడ గుండ్రటి వలయం. మధ్యలో కాస్త శుభ్రంగా ఉంది, చుట్టూ మట్టిరంగు గీత. ఆ గీతను పోగొడదామని మళ్లీ తడిపి, ఇంకాస్త దూరం రుద్దాను. వలయం కూడా ఇంకాస్త దూరం జరిగింది.

మా తమ్ముడు చూసి, "అక్కా, నువ్వు మచ్చ తుడవట్లేదు, గీస్తున్నావు" అన్నాడు. కోపం వచ్చింది కానీ వాడన్నది నిజం.

తర్వాత కార్లు కడిగి మెరుగుపెట్టే ఒక డీటెయిలింగ్ షాపుకి తీసుకెళ్లాను. పేరు వద్దు. వాళ్లు ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి టాప్ మీద కొట్టారు, బాడీకి పాలిష్ వేశారు, గంటలో కారు ఇచ్చేశారు. మచ్చ అలాగే ఉంది. పైగా కుట్టు పక్కన గుడ్డ నూగు లేచింది, టాప్ అంచు వెంబడి పాలిష్ తగిలి తెల్లటి చారలు మిగిలాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. "ఇది పోదండీ, టాప్ మార్చుకోవాల్సిందే" అన్నారు. టాప్ మార్చడమంటే చిన్న సంగతి కాదు, అందుకే ఆఖరి ప్రయత్నంగా ఈ కిట్ తెప్పించాను.

బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరహా కిట్లు చాలా కంపెనీలవి ఉన్నాయి, అన్నింటిదీ ఒకే పద్ధతి. ఒక సీసాలో క్లీనర్, ఇంకో సీసాలో నీళ్లు ఇంకకుండా ఆపే స్ప్రే. దాన్ని ప్రొటెక్టెంట్ అంటారు, కొందరు ప్రూఫర్ అంటారు. నాకు వచ్చిన పెట్టెలో వాటితోపాటు ఒక బ్రష్షు, కారు బాడీ కప్పడానికి పల్చటి ప్లాస్టిక్ షీటు, మాస్కింగ్ టేపు, ఆరు అంచెల సూచనలున్న ఒక కాగితం ఉన్నాయి. ఆ ఆరు అంచెల్లో మూడోది "బాగా కడగండి". అంతే, ఇంకో మాట లేదు. మొత్తం పనిలో సగం ఆ రెండు మాటల్లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది.

సీసా మూత తీసే ముందు టాప్ గురించి కాస్త తెలుసుకున్నాను. అది తెలియకుండా మొదలుపెట్టి ఉంటే ఇంకో వలయం గీసేదాన్ని. గుడ్డ టాప్ అంటాం కానీ అది ఒట్టి గుడ్డ కాదు, మూడు పొరలు. పైన నేసిన గుడ్డ, సాధారణంగా యాక్రిలిక్ దారం. మధ్యలో సన్నటి రబ్బరు పొర, ఎక్కువగా బ్యూటైల్ రబ్బరు. లోపలివైపు పత్తి లేదా పాలియెస్టర్ గుడ్డ. రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి వాన ఆపడం కొత్త తెలివేమీ కాదు. చార్లెస్ మాకింతోష్ 1823లో పేటెంట్ తీసుకున్న వానకోటు గుడ్డ కూడా ఇదే. అంటే నా కారు నెత్తిన ఉన్నది ఒక రకంగా వానకోటే.

దీంట్లో పనికొచ్చే సంగతులు రెండున్నాయి. కారులోకి నీళ్లు దిగకుండా ఆపేది ఆ మధ్య రబ్బరు, స్ప్రే కాదు. స్ప్రే పోతే కారు వెంటనే కారదు. కానీ పై గుడ్డ స్పాంజిలా నీళ్లు పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడిలో దుమ్ము అంటుకుంటుంది, నాచు పడుతుంది. ఇక రెండోది, పెట్రోలు, థిన్నర్ లాంటివి ఈ టాప్ దగ్గరికే రానివ్వకూడదు. బ్యూటైల్ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది. పైన మచ్చ పోయినా కింద పొర పాడైపోతుంది, అది పైకి కనిపించదు కూడా. బట్టలకు వాడే బ్లీచ్ కూడా అంతే. యాక్రిలిక్ దారం తట్టుకుంటుందేమో కానీ కుట్టు దారం, రబ్బరు బీడింగులు, కారు పెయింటు తట్టుకోవాలి కదా.

ఇంకో మంచి వార్త కూడా తెలిసింది. మంచి రకం యాక్రిలిక్ టాపులకు రంగు పైన అద్దరు. దారం తీసే ముందే ప్లాస్టిక్ ద్రవంలో రంగు కలిపేస్తారు, కాబట్టి దారం లోపలి దాకా ఒకే రంగు. అలాంటిది అంత తేలిగ్గా వెలిసిపోదు. మరి నా టాప్ బూడిద రంగులోకి ఎందుకు మారినట్టు? ఆ ప్రశ్నకు సమాధానం మొదటి బకెట్ నురగలో దొరికింది.

మొదటి రోజు పొడిపనితో మొదలుపెట్టాను. వాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ మొన తగిలించి టాప్ అంతా లాగాను. కుట్ల దగ్గర సన్నటి ఇసుక ఎంత వచ్చిందో చెప్పలేను. ఈ పని మానేసి నేరుగా తడిపితే ఆ ఇసుక అంతా బురదై దారాల మధ్యకు దిగుతుంది, మనమే బ్రష్‌తో లోపలికి తోసినట్టవుతుంది. ఎండిన ఆకు ముక్కలు, వెంట్రుకల్లాంటివి బట్టల మీద నూగు తీసే జిగురు రోలర్‌తో తీశాను. తర్వాత టాప్ సగం ఎత్తి, వెనక మూలల్లో నీళ్లు పోయే రంధ్రాలు చూశాను. ఈ కారుకు సీట్ల వెనక రెండు పక్కలా డ్రెయిన్లుంటాయి. అవి పూడితే టాప్ మీద పడ్డ నీళ్లు కారు లోపలికే వస్తాయి. కడిగిన మురికంతా అటే పోతుంది కాబట్టి ముందు అవి శుభ్రం చేసుకోవడం మంచిది. ఈ ముక్క కూడా ఆ కాగితంలో లేదు.

కారు నీడలో ఉండాలి, గుడ్డ చల్లగా ఉండాలి. ఎండలో అయితే క్లీనర్ రుద్దకముందే ఆరిపోతుంది, ఆరిన క్లీనర్ ఇంకో మచ్చ. పైపు నీళ్లతో టాప్ మొత్తం తడిపాను. అప్పుడు ఒక సంగతి గమనించాను. ఎక్కడా నీళ్లు పూసలుగా నిలబడలేదు. పోసినచోటల్లా గుడ్డ వెంటనే ముదురు రంగులోకి మారి నీళ్లు మింగేసింది. అంటే పాత ప్రొటెక్టెంట్ ఎప్పుడో పోయింది. మీ టాప్ సంగతి తెలుసుకోవాలంటే గ్లాసెడు నీళ్లు పోసి చూస్తే చాలు. పూసలు జారిపోతే రెండో సీసాతో మీకు ఇప్పుడే పనిలేదు.

ఇక క్లీనర్. పెద్దగా వాసన లేదు, నురగ మరీ ఎక్కువ రాదు. అదే దీని మంచి గుణమని కడిగేటప్పుడు అర్థమైంది. నేను చేసిన అసలు మార్పు ఒక్కటే, మచ్చ మీద మాత్రం కొట్టలేదు. టాప్‌ని కుట్టు నుంచి కుట్టు దాకా భాగాలుగా విడదీసుకున్నాను. నడిమి భాగం, కుడి పక్క, ఎడమ పక్క, వెనక అద్దం చుట్టూ ఉన్నది. ఒక భాగం మొదలుపెడితే ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా పూర్తిగా కొట్టి, పూర్తిగా రుద్ది, పూర్తిగా కడగడం. ఎందుకంటే తడి ఎక్కడ ఆగిపోతుందో మురికి అక్కడ ఆగుతుంది. గుడ్డలో నీళ్లు పక్కలకు పాకుతూ దుమ్మును తోసుకెళ్తాయి. అంచు దగ్గర నీళ్లు ఆవిరైపోతాయి, దుమ్ము మాత్రం గీతలా మిగులుతుంది. నా వలయం పుట్టింది ఇలాగే. భాగం మొత్తం తడిపితే ఆ అంచు కుట్టు దగ్గరికి వెళ్లిపోతుంది, అక్కడ దాన్ని నీళ్లతో తోసేయొచ్చు.

క్లీనర్ కొట్టి ఐదు నిమిషాలు ఆగి బ్రష్ పట్టుకున్నాను. కిట్‌తో వచ్చిన బ్రష్ నాకు నచ్చలేదు. కుచ్చు గట్టిగా ఉంది. ముందు అరచేతి వెనక రాసుకుని చూశాను, గీసుకుపోతోంది. చర్మానికే అలా ఉంటే దారాలకు ఇంకెలా ఉంటుంది? పక్కన పెట్టేసి మెత్తటి నైలాన్ బ్రష్ వాడాను. రుద్దడం కూడా గుండ్రంగా కాదు. నేత ఎటు ఉందో అటే, నిలువుగా పోగులు ఉంటే నిలువుగా, తేలిక చేత్తో. మొదటి నిమిషం నురగ తెల్లగా ఉంది. రెండో నిమిషానికి బూడిద రంగు. ఐదో నిమిషానికి మట్టిరంగులో, కాస్త పచ్చగా. స్పాంజితో ఆ నురగను ఎత్తి బకెట్‌లో పిండితే నీళ్ల అడుగు కనపడలేదు. "ఇంత మురికి నెత్తిన పెట్టుకుని తిరిగావా అక్కా" అన్నాడు తమ్ముడు. వెలిసిపోయిందనుకున్న రంగులో సగానికి పైగా బకెట్‌లో ఉంది.

నురగను ఎత్తేయడం ముఖ్యం. బ్రష్ మురికిని గుడ్డ నుంచి విడదీస్తుంది కానీ బయటికి తీయదు. అక్కడే వదిలేసి నీళ్లు పోస్తే సగం మళ్లీ దిగిపోతుంది. స్పాంజి ఒత్తి, పైకి లాగి, పిండి, మళ్లీ ఒత్తి. టవల్ వాడొద్దు. నేను ఒక భాగానికి పాత టవల్ వాడి, నల్ల గుడ్డ మీద తెల్ల నూగంతా అంటించుకుని, ఆరాక మళ్లీ రోలర్ పట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మచ్చల సంగతి, ఎందుకంటే మీరు చదువుతున్నది దానికోసమే.

పిట్ట రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. అది నీళ్లలో దాదాపు కరగదు. అందుకే నేను తడిగుడ్డతో రుద్దినప్పుడు కరిగిపోలేదు, మెత్తటి ముద్దై దారాల సందుల్లోకి దిగింది, అంతే. చేయాల్సింది దీనికి తలకిందులు. ఎండి ఉంటే వేలితో పెళ్లు పైకి లేపి, పొడి వాక్యూమ్ చేసి, తర్వాత క్లీనర్‌లో ముంచిన స్పాంజిని దాని మీద పరిచి వదిలేయాలి. నేను పావుగంట వదిలాను. స్పాంజి ఎత్తినప్పుడు దాని అడుగున తెల్లటి ముద్ర కనిపించింది, చిన్న సంతోషం. మళ్లీ ఇంకోసారి. మూడోసారికి ముద్ర పడలేదు. ఆ తర్వాతే బ్రష్. వలయం మాత్రం భాగం మొత్తం రెండుసార్లు కడిగాక పోయింది. మధ్యలో చిన్న నెలవంకలాంటి ఛాయ ఒకటి మిగిలింది. దాని సంగతి చివర్లో చెప్తాను.

వెనక అద్దం కింద, రబ్బరు బీడింగ్ కలిసే చోట, పచ్చటి నాచు. క్లీనర్ దీని మీద బాగా పనిచేసింది. కుట్టు సందుల్లోకి బ్రష్ వెళ్లక పాత పళ్ల బ్రష్‌తో ఒక్కో కుట్టు మీదా వెళ్లాను. దగ్గరగా చూస్తే ప్రతి సూది రంధ్రం చుట్టూ పచ్చటి చుక్క. ఒక వైపు అద్దం కింద ఉన్న జానెడు కుట్టుకే అరగంట పట్టింది. నడుము పట్టేసింది. నాచు ఒకసారి కడిగితే శాశ్వతంగా పోతుందని అనుకోవద్దు. అక్కడ తడి ఆరకపోతే మళ్లీ వస్తుంది. కారును ఎక్కువసేపు చెట్టు కింద, ఎండ తగలని చోట ఆపితే ఏ సీసా కూడా ఏమీ చేయలేదు.

చెట్టు బంక రెండు చుక్కలున్నాయి. వీటి మీద క్లీనర్ దండగ. ఐస్ ముక్కను ప్లాస్టిక్ సంచిలో పెట్టి చుక్క మీద ఆనిస్తే బంక గట్టిపడి, గోటితో పుటుక్కున విరిగింది. మిగిలిన జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి కొద్దిగా అద్ది తట్టాను, రుద్దలేదు. అంతకుముందు టాప్ మడతలో కనపడని చోట ఒక చుక్క పెట్టి, రంగు దూదికి అంటుతుందేమో చూసుకున్నాను. అంటలేదు.

షాపువాళ్లు మిగిల్చిన పాలిష్ చారలు గోరువెచ్చటి నీళ్లు, క్లీనర్‌తో రెండు విడతల్లో పోయాయి. మడత కీలు దగ్గర గ్రీజు అంటిన నల్లగీత పూర్తిగా పోలేదు. నల్ల టాప్ కాబట్టి కనిపించదు. లేతరంగు టాప్ ఉన్నవాళ్లకు ఆ గీత తలనొప్పే.

ఇప్పుడు "బాగా కడగండి" దగ్గరికొద్దాం. రెండు విడతలు పైపుతో కడిగాక తమ్ముడు, "నురగ పోయింది కదక్కా, ఇంక చాలు" అన్నాడు. నాకూ చాలనిపించింది. అయినా అనుమానంతో తడి స్పాంజిని టాప్ మీద గట్టిగా ఒత్తి చూశాను. వేళ్ల చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. ఇంకోసారి కడిగాం. మళ్లీ ఒత్తాను. మళ్లీ బుడగలు. మొత్తం మీద ఐదుసార్లు కడిగితే కానీ ఒత్తినచోట ఒట్టి నీళ్లు రాలేదు. ఇంత పట్టుదల ఎందుకంటే సబ్బు చేసే పనే నీళ్లను పరుచుకునేలా చేయడం. అది దారంలో మిగిలిపోతే, నీళ్లను నిలబెట్టడానికి వేసిన ప్రొటెక్టెంట్‌కి ఎదురుపని చేస్తుంది. కిట్ పనిచేయలేదని కోప్పడేవాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే జరిగి ఉంటుందని నా అనుమానం. గిన్నెలు తోమే సబ్బు, ఎక్కువ నురగొచ్చే కారు షాంపూ వాడినవాళ్లకైతే ఈ గొడవ ఇంకా ఎక్కువ. అందుకే నురగ తక్కువొచ్చే క్లీనర్ మంచిదన్నాను.

ప్రెషర్ వాషర్ ఉంటే ఈ పని తొందరగా అయ్యేది కదా అని ఒక క్షణం ఆశ పుట్టింది. కుట్టు పక్కన నూగు లేచిన చోటు చూసి మానుకున్నాను. ఆటోమేటిక్ కార్ వాష్ కూడా వద్దు. బ్రష్‌లు గుడ్డను రాస్తాయి, చివర్లో వేసే వ్యాక్స్ గుడ్డకు అంటి అదొక మచ్చ అవుతుంది.

ఆరడానికి నేననుకున్న దానికన్నా రెట్టింపు సమయం పట్టింది. సాయంత్రానికి చేత్తో తాకితే పొడిగానే ఉంది. రెండో రోజు పొద్దున అట్టపెట్టె ముక్క ఒకటి కుట్టు మీద పెట్టి ఒత్తితే సన్నటి తడి గీత పడింది. మడతపెట్టిన గుడ్డ అంచుల్లో, కుట్టు కింద తడి దాక్కుంటుంది. ఇంకో పూట ఆగాను. టాప్ మాత్రం బిగించే ఉంచాలి. తడిగా ఉన్నప్పుడు మడిస్తే బూజు పడుతుంది, మడత గీతలు ఉండిపోతాయి. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ తెస్తానన్నాడు తమ్ముడు. వద్దన్నాను.

రెండో సీసా గురించి చెప్పే ముందు చిన్న పక్కదారి. ఈ ప్రొటెక్టెంట్‌లు చాలాకాలం పాటు ఎక్కువగా ఫ్లోరిన్ పాలిమర్లే. వీటి కథ సరదాగా మొదలైంది. 1953లో త్రీఎం అనే అమెరికా కంపెనీ ప్రయోగశాలలో ఒక సహాయకురాలి కాన్వాస్ బూటు మీద ఫ్లోరిన్ రసాయనం చుక్కలు పడ్డాయి. ఎంత కడిగినా పోలేదు సరే, ఆ చోట నీళ్లు, నూనె, మురికి అంటడం లేదని అక్కడి రసాయన శాస్త్రవేత్త ప్యాట్సీ షెర్మన్ గమనించారు. ఆమె, సహోద్యోగి శామ్యూల్ స్మిత్ కలిసి దాన్ని 1956 నాటికి స్కాచ్‌గార్డ్‌గా బజారుకు తెచ్చారు. తర్వాతి కథ అంత సరదాగా లేదు. ఈ కుటుంబంలోని కొన్ని రసాయనాలు ప్రకృతిలో విరగవు, మనుషుల రక్తంలో చేరతాయి. 2000లో ఆ కంపెనీయే అలాంటి ఒక రకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు పీఎఫ్ఏఎస్ (ఈ ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం పేరు) లేనివి అని రాసి ఉన్న సీసాలు కూడా దొరుకుతున్నాయి. అవి నీళ్లను ఆపుతాయి కానీ నూనె జిడ్డును ఫ్లోరిన్ ఆపినట్టు ఆపలేవు. నా కిట్‌లోది ఫ్లోరిన్ రకమే. ఇంకోసారి కొనేటప్పుడు ఫ్లోరిన్ లేనిదే కొంటాననుకుంటున్నాను. నా టాప్ మీద నూనె పడే సందర్భం ఒక్క కీలు గ్రీజే, దాన్ని తుడిస్తే సరిపోతుంది.

మూడో రోజు పొద్దున స్ప్రే. అద్దాలు, పెయింటు, రబ్బరు బీడింగులు మొత్తం షీటుతో కప్పి అంచుల్లో టేపు వేశాను. కిట్‌లో ఇచ్చిన షీటు మరీ పల్చన, గాలికి లేచి తడి టాప్‌కే అతుక్కుంది. దాని బదులు పాత దుప్పటి వేసుకోండి. వెనక అద్దం ప్లాస్టిక్‌ది అయితే ఇంకా జాగ్రత్త. 1989లో వచ్చిన మొదటి తరం ఎంఎక్స్-5కు జిప్పుతో విప్పే ప్లాస్టిక్ కిటికీ ఉండేది. 1998లో వచ్చిన రెండో తరం నుంచి గాజు పెట్టారు కాబట్టి నేను బతికిపోయాను. టేపు జారినచోట నాలుగు తుంపర్లు పడితే, ఆరకముందే తడిగుడ్డతో తుడిచేశాను. ఆరనిస్తే మసకగా ఉండిపోతుంది.

స్ప్రే చేసేటప్పుడు ఆశ పనికిరాదు. ఒకేసారి తడిసి ముద్దయ్యేలా కొట్టకుండా, అటునుంచి ఇటు పల్చగా ఒక పూత, ఆరాక అడ్డంగా ఇంకో పూత వేశాను. కుట్లకు మాత్రం చేయి కాస్త భారంగా. వాసన ఘాటుగా ఉంది, బయటే చేశాను, ముక్కుకు మాస్కు పెట్టుకున్నాను. సీసా మీద ఇరవై ఒక్క డిగ్రీల పైన వెచ్చదనం ఉండాలని, రాత్రంతా తడి తగలకూడదని రాసి ఉంది. ఆ రాత్రి కారు షెడ్‌లోనే ఉంది, నాకు మాత్రం నిద్రలేదు, వాన వస్తుందేమోనని కాదు, పిట్ట వస్తుందేమోనని.

ఫలితం? మరుసటి రోజు గ్లాసెడు నీళ్లు పోస్తే గుడ్డ రంగు మారలేదు. నీళ్లు గుండ్రటి పూసలై, పాదరసంలా, వాలుకు జారిపోయాయి. రంగు చూస్తే ఇన్నాళ్లూ నేను తిరిగింది వేరే కారులో అనిపించింది. నల్లగా, మెత్తగా, నేత గీతలు కనిపిస్తూ. తర్వాత ఒక పెద్ద వానకు బయటే ఉంచి చూశాను. వాన వెలిశాక ఒక్కసారి చేత్తో తడితే నీళ్లన్నీ కింద పడ్డాయి, అరగంటలో పొడి. కొత్త రెట్టలు కూడా పడ్డాయి. వాటిని నీళ్లు పోసి తోసేస్తే ముద్ర పడకుండా పోయాయి.

ఐదు నెలలు దాటింది. నడిమి భాగంలో పూసలు ఇంకా నిలబడుతున్నాయి. టాప్ మడిచే గీతల వెంబడి మాత్రం నీళ్లు పోస్తే గుడ్డ ముదురుతోంది. రోజూ మడిచే చోట రాపిడికి పూత ముందు పోతుంది, అది సహజమే. అక్కడికి మాత్రం ఇంకో పల్చటి పూత వేయాలి. నా రెండో సీసాలో పావు వంతు మిగిలింది కాబట్టి సరిపోతుంది. క్లీనర్ సీసా మాత్రం పూర్తిగా అయిపోయింది. రెండు సీట్ల చిన్న టాప్‌కే ఇలా అయితే నాలుగు సీట్ల కారుకు ఒక కిట్ చాలదు, క్లీనర్ ఇంకోటి విడిగా తెచ్చుకోవాలి. అదే నా పెద్ద ఫిర్యాదు. బ్రష్, షీటు, కాగితం మూడూ తీసేసి క్లీనర్ రెట్టింపు ఇచ్చినా సంతోషించేదాన్ని.

మార్కులు వేయమంటే క్లీనర్‌కి ఐదుకు నాలుగు, ప్రొటెక్టెంట్‌కి నాలుగున్నర, బ్రష్‌కి సున్నా, సూచనల కాగితానికి ఒకటి, అది కూడా కనీసం "నీడలో చేయండి" అని రాసినందుకు. వినైల్ టాప్ ఉన్నవాళ్లు ఇది కొనకండి. అది నేసిన గుడ్డ కాదు, దాని మీద ఈ స్ప్రే ఇంకదు, మరకలా నిలుస్తుంది. వినైల్‌కి వేరే సీసాలున్నాయి. లోపలి పొర ఊడి పైగుడ్డ బుడగల్లా లేచిన టాప్‌కి కూడా ఇది దండగ. రంగు వేసే సీసాల గురించి కొందరు అడిగారు. నేను వాడలేదు. రంగు పోయిందో, మురికి పట్టిందో కడిగాక కానీ తెలియదు. కడిగాక నాకు దాని అవసరం కనపడలేదు.

ఇక ఆ నెలవంక ఛాయ. టాప్ పొడిగా ఉన్నప్పుడు అది లేదు. ఎంత వెతికినా దొరకదు. పొద్దున్నే మంచు పడినప్పుడు, ఆ నలుపు మీద సన్నటి తడి పరుచుకున్నప్పుడు, వెనక అద్దానికి కాస్త పైన, చిన్న గీతగా తేలుతుంది. ఎండ తగలగానే మాయం. మొన్న తమ్ముడు చూపించి, "ఇంకోసారి రుద్దుదామా?" అన్నాడు. తడిగుడ్డ వాడి చేతిలోంచి లాక్కున్నాను.